కోటు మాస్టారి సాక్ష్యం

వంటింట్లో గిన్నె కిందపడింది. కోటు మాస్టారు కుర్చీలోంచి లేచాడు గానీ గుమ్మం దాటలేదు.

లోపల భార్య వంగి, ఎడమచేత్తో గిన్నె తీసి గట్టుమీద పెట్టింది. కుడిచెయ్యి పొట్టకు ఆనించి పట్టుకుంది, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన వస్తువును జాగ్రత్త చేసినట్టు. ఒలికిన నీళ్ళమీద గుడ్డ వేసి కాలితో తుడిచింది. భర్త నిలబడి చూస్తున్నాడని తెలుసు. తల మాత్రం ఎత్తలేదు.

"నేను తుడుస్తాలే, ఇటివ్వు" అన్నాడు మాస్టారు.

ఆమె గుడ్డ పిండి తీగమీద ఆరేసింది.

నిన్న కోర్టునుంచి వచ్చినప్పటినుంచీ ఇదే వరస. తిట్టలేదు, ఏడవలేదు, అలిగి పడుకోలేదు. వేళకు టీ పెట్టింది, వేళకు కంచం పెట్టింది. మాట ఒక్కటే పెట్టలేదు.

తిట్టినా బాగుండును అనుకున్నాడు. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. అనేసి, తువ్వాలు భుజాన వేసుకుని కుట్టు షాపుకు పోవచ్చు. సాయంత్రానికి అదే సర్దుకుంటుంది. ఇన్నేళ్ళ కాపురంలో అన్నీ అలాగే సర్దుకున్నాయి.

కూతురు చిట్టి దువ్వెన పట్టుకుని వచ్చింది. మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగం దానిది. వెళ్ళేముందు తల్లికి జడ వేసి వెళ్ళడం ఈమధ్య అలవాటైంది.

"అమ్మా, కూర్చో. నాకు టైమవుతోంది."

తల్లి పీటమీద కూర్చుంది. చిట్టి చిక్కు తీస్తూ తండ్రి వంక చూడకుండానే అడిగింది.

"నిన్న అలా ఎందుకు చెప్పావు నాన్నా?"

"ఎలా చెప్పాను?"

"తెలియనట్టు అడక్కు."

"బోనెక్కితే నీకూ తెలుస్తుంది. అటునుంచి ఒకడు, ఇటునుంచి ఒకరు. ఏదో నోటికొచ్చింది చెప్పేశాను."

"నోటికి అదే ఎందుకొచ్చింది?"

మాస్టారు తువ్వాలు దులిపాడు. అందులో దుమ్మేమీ లేదు.

"పెద్దంతరం చిన్నంతరం లేకుండా మాట్లాడకు" అన్నాడు.

"మాట్లాడను. అమ్మ కూడా మాట్లాడదు. హాయిగా వెళ్ళిరా."

నోటికి అదే ఎందుకొచ్చిందో మాస్టారికి బాగా తెలుసు.

వెనకనుంచి వచ్చి భార్యను గుద్దేసిన కారుదే తప్పని కోర్టులో ఇదివరకే తేలిపోయింది. బీమా కంపెనీ డబ్బు కట్టాలి. ఎంత కట్టాలన్నదే మిగిలింది. దానికోసం నిన్న ముందు ఆమెను పిలిచారు. సాక్షులు ఒకరి మాట ఒకరు వినకూడదని అతన్ని బయట వరండాలో కూర్చోబెట్టారు. తరవాత అతన్ని లోపలికి పిలిచి ప్రమాణం చేయించారు.

కంపెనీ వకీలు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. ఒంటిమీద ఉన్నది మాస్టారి షాపు కోటే. ఆ మాటకొస్తే ఆ హాల్లో సగంమంది ఒంటిమీద ఉన్నవి అవే. కోర్టు గేటుకు ఎదుటి సందులో షాపు. వకీళ్ళకు నల్లకోటు అంటే కోటు మాస్టారే. మిషను కాజాలు కాదు, చేతి కాజాలు. దారం ఊడదు, అంచు లేవదు, కోటు చినిగినా కాజా చినగదని పేరు.

"మీ కోట్లకు కాజాలూ చేతికుట్టూ అన్నీ తానే చేసేదాన్నని మీ ఇంటావిడ చెబుతున్నారు. కుడిచెయ్యి పోవడంతో ఆ పని పోయిందట. దానికీ పరిహారం కావాలట. ఏమంటారు మాస్టారూ?" అని, తన కోటు కాజాలో వేలు దూర్చి చూపించాడు. "ఇది ఎవరు కుట్టింది?"

హాలంతా తనవైపే చూసింది. అన్నీ తెలిసిన మొహాలు. మాస్టారూ మీ చెయ్యి బంగారం అన్న మొహాలు.

"నేనేనండీ. నా చేత్తో కుట్టిందే" అన్నాడు.

"మరి మీ ఆవిడ?"

"ఇంట్లో ఉంటుందండీ. ఏమీ చేయదు."

అనేశాక గాని బెంచీమీద కూర్చున్న భార్య కనబడలేదు.

*

షాపు తెరిచి కత్తెర పట్టుకున్నాడో లేదో, కంపెనీ వకీలే గుమ్మంలో నిలబడ్డాడు.

మాస్టారు కత్తెర బల్లమీద పెట్టేశాడు. ఆయన మాత్రం చుట్టంచూపుగా వచ్చినట్టు చనువుగా లోపలికొచ్చి చేతులు రెండూ చాచాడు.

"కొలతలు తీసుకోండి. ఈ ఏడాది కాస్త ఒళ్ళొచ్చింది, పాత కొలతలు పనికిరావు. రెండు కోట్లు కావాలి."

మాస్టారు టేపు తీశాడు. ఛాతీ చుట్టూ తిప్పుతుంటే ఆయన తలమీదనుంచి మాట్లాడాడు.

"నిన్నటి సంగతి మనసులో పెట్టుకోకండి. అది నా వృత్తి. కానీ ఒక్కటి చెప్పాలి. కట్టుకున్న భార్యకోసం కూడా అబద్ధమాడని మనిషిని నేను కోర్టులో చూడలేదు. బార్ రూములో అందరికీ ఇదే చెప్పాను."

టేపు చేతిలోంచి జారింది. వంగి తీసుకున్నాడు. వంగినవాడికి లేవబుద్ధి కాలేదు.

"ఆవిడ తప్పు కూడా ఏం లేదు లెండి" అన్నాడు వకీలు, చెయ్యి దించి మోచెయ్యి మడుస్తూ. "ఆదాయం చూపిస్తే ఎక్కువొస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. ఆడవాళ్ళు, పాపం, పక్కవాళ్ళ మాట పట్టుకుంటారు."

కాదండీ అని ఒక్కమాట అంటే సరిపోయేది. షాపులో వాళ్ళిద్దరూ తప్ప మూడో మనిషి లేడు. కానీ ఆ ఒక్కమాట వెనక ఇంకెన్ని మాటలు రావాలో తలుచుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని భుజం కొలత తీశాడు.

వెళ్ళబోతూ వకీలు గుమ్మంలో ఆగాడు.

"కాజాలు మాత్రం పాతవాటిలా ఉండాలి మాస్టారూ. ఈమధ్య మీ దగ్గర కుట్టించినవాళ్ళు పెదవి విరుస్తున్నారు. ఏంటి, చెయ్యి వణుకుతోందా?"

"కళ్ళజోడు మార్చాలండీ" అన్నాడు మాస్టారు.

ఆయన అటు వెళ్ళగానే ఇటునుంచి వకీలమ్మ వచ్చింది. మాస్టారి భార్య తరఫు కేసు ఆవిడదే. చిన్న వయసే అయినా గొంతులో కరుకుతనం ఉంది. ఎవరు బయటికెళ్ళారో చూసే వచ్చింది.

"కొత్త కోటా?"

"అవునమ్మా."

"కుట్టండి. ఆ కోటు వేసుకునే ఆయన మీ ఆవిడ కేసు కొట్టేయిస్తాడు." స్టూలు లాక్కుని కూర్చుంది. "మీకు అర్థమవుతోందా మాస్టారూ? పని డబ్బు ఒక్కటే కాదు పోయేది. ఆవిడ ఒక విషయంలో అబద్ధం చెప్పింది కాబట్టి మిగతాది కూడా నమ్మక్కర్లేదని వాదిస్తాడు. నొప్పి అబద్ధం. రాత్రుళ్ళు నిద్రపట్టదన్నది అబద్ధం. వేళ్ళు మడవాలంటే ఇంకో ఆపరేషన్ కావాలన్నది కూడా అబద్ధమే."

"డాక్టరుగారు రాసిచ్చారు కదమ్మా."

"రాసిచ్చారు. ఆవిడ చెప్పిన నొప్పిని బట్టే రాశానని అవతలి వకీలు క్రాస్‌లో అడిగితే ఒప్పుకున్నారు కూడా."

మాస్టారు గుడ్డమీద సుద్దతో గీసిన గీతనే మళ్ళీ గీశాడు.

"మిమ్మల్ని మళ్ళీ బోనెక్కించమని జడ్జిగారిని అడుగుతాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. ఒప్పుకుంటే మాత్రం, ఆరోజు అబద్ధమాడానని మీ నోటితో చెప్పాలి. ఆయన చీవాట్లు పెట్టొచ్చు, ఇంకా ఏమైనా చేయొచ్చు. నేను ఆపలేను."

"అందరూ ఉంటారేమో."

"ఉంటారు. మీ కోట్లు వేసుకునే ఉంటారు." వకీలమ్మ లేచింది. లేస్తూ తన కోటు గుండీ పెట్టుకోబోయి, కాజా వంక ఒకసారి చూసి, పెట్టుకోకుండానే వెళ్ళిపోయింది.

*

సాయంత్రం భార్య మంచంమీద బట్టలు మడతపెడుతోంది. ఒక కొసను గడ్డంకింద నొక్కిపట్టి, రెండో కొసను ఎడమచేత్తో అందుకుంటోంది. మాస్టారు గోడపక్క కుర్చీ లాక్కున్నాడు.

"వకీలమ్మ వచ్చింది షాపుకి."

చొక్కా మడతపడింది.

"మళ్ళీ బోనెక్కమంటోంది."

ఇంకో చొక్కా. అది అతనిదే. కాలరు సరిచేసి పక్కన పెట్టింది.

"ఎక్కుతారా?" అంది.

ఒక రోజంతా ఎదురుచూసిన మాట. తీరా వచ్చాక ఎటు చూడాలో తెలియలేదు.

"ఎక్కి ఏమని చెప్పేది? ఇన్నాళ్ళూ మీ అందరికీ టోపీ పెట్టానని చెప్పనా? తెల్లారేసరికి షాపుకు తాళం పడుతుంది. ఎంత కష్టపడి సంపాదించిన పేరు అది."

"ఎవరి పేరు?"

ఆమె గొంతు పెంచలేదు. అడిగి, మళ్ళీ బట్టలందుకుంది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయలేక అవస్థ పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"నేర్పింది నేనేగా" అన్నాడు మాస్టారు. అన్నాక ఆ మాట ఎంత చిన్నదో తన చెవులకే తెలిసింది.

"మీరే నేర్పారు. కాదని ఎవరన్నారు? కోర్టులో కూడా అదే చెప్పాను."

"ఏం చెప్పావు?"

"మా ఆయన దగ్గరే నేర్చుకున్నానండీ, ఆయనంత ఓర్పుగా నేర్పేవాళ్ళు ఉండరండీ అని. మీరప్పుడు వరండాలో ఉన్నారు, వినబడలేదు." ఒక లుంగీ తీసి దులిపింది. "తరవాత మీరొచ్చారు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"నీకు చెప్పాలనే అనుకున్నాను..."

"జడ్జిగారు మీ మాట రాసుకుని నావైపు చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను. కోప్పడలేదు. కొట్లో ఏదో ఎత్తుకుని పట్టుబడ్డ ముసలిదాన్ని చూసినట్టు చూశారు. పోనీలే పాపం అన్నట్టు."

"డబ్బు సంగతి నేను..."

"డబ్బు రాకపోతే పోనీండి. చెయ్యి ఇలాగే ఉంటే ఉండనీండి. ఇప్పుడు అలవాటైపోయింది." ఆమె కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టు దగ్గర చర్మం ముడతపడి మెరుస్తోంది. మూడు వేళ్ళు కర్రల్లా నిటారుగా ఉన్నాయి. "నన్ను అబద్ధాలకోరునని రాసి ఆ ఫైలు ముడేసేస్తారు. రేపు మనిద్దరం పోయినా అది ఉంటుంది."

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. తలుపు దగ్గర చిట్టి నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో.

ఆ రాత్రి ఎవరూ ఎవరితో పేచీ పడలేదు. తెల్లారాక మాస్టారు షాపు తెరవకుండా తిన్నగా వెళ్ళి వకీలమ్మ ఆఫీసు మెట్లెక్కాడు.

*

జడ్జిగారు వెంటనే ఒప్పుకోలేదు. సాక్షి మాట మార్చుకునే సదుపాయం కోర్టులో ఉండదని కంపెనీ వకీలు గట్టిగా అడ్డుపడ్డాడు. వకీలమ్మ రెండు వాయిదాలు పోరింది. చివరికి జడ్జిగారు, రానివ్వండి, ఏం చెబుతాడో విందాం అన్నారు.

ఆ సంగతి ఎలా పాకిందో గాని పక్క హాళ్ళలో పనిలేని వకీళ్ళు కూడా వచ్చి గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఈసారీ భార్య లోపల బెంచీమీదే కూర్చుంది. పక్కన చిట్టి ఉంది, సెలవు పెట్టి వచ్చింది.

మాస్టారు బోనెక్కాడు. ఎంతమంది వీపులకు, భుజాలకు కొలతలు తీశాడో, ఆ భుజాలన్నీ ఇవాళ తనవైపు తిరిగాయి.

"ఆరోజు నేను చెప్పింది అబద్ధమండీ" అన్నాడు.

"ఏది అబద్ధం? సరిగ్గా చెప్పండి" అన్నారు జడ్జిగారు.

"కాజాలు నావన్నది. నేను గుడ్డ కత్తిరిస్తానండీ, మిషనుమీద కలుపుతాను. అక్కడితో నా పని సరి. కాలరు కింద చేతికుట్టు, లోపలి గుడ్డ పట్టించడం, కాజాలు, అంతా మా ఇంటావిడదే. కోటుకు కోటు కళ వచ్చేది ఆమె చేతిలోనండీ. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టింది, కారు గుద్దేదాకా ఆమే చేసింది."

"మరి ప్రమాణం చేసి అబద్ధం ఎందుకు చెప్పారు?"

"సిగ్గేసిందండీ."

"భార్య పని చేస్తుందని చెప్పడానికి సిగ్గా?"

"కాదండీ. ఇక్కడున్నవాళ్ళంతా అది నా పనే అనుకుంటున్నారు. నేనూ అనుకోనిచ్చాను."

గోడవార ఎవరో దగ్గారు. ముందువరసలో ఒక పెద్ద వకీలు తల వంచి, తన కోటు గుండీని నెమ్మదిగా విప్పి చూసుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ కదలిక మాస్టారికి చెంపమీద కొట్టినట్టు తగిలింది.

కంపెనీ వకీలు లేచాడు. మునుపటి నవ్వు లేదు.

"అప్పుడు సిగ్గు అడ్డొచ్చింది. డబ్బు చేజారుతుందని తెలిశాక ఆ సిగ్గు ఎటు పోయింది మాస్టారూ?"

"ఎటూ పోలేదండీ. ఇక్కడే ఉంది."

"బాగుంది. ఆరోజు ప్రమాణం చేసే చెప్పారు, ఇవాళా ప్రమాణం చేసే చెబుతున్నారు. మీ రెండు నాలుకల్లో మేము దేన్ని నమ్మాలి?" జడ్జిగారివైపు తిరిగాడు. "ఒక చిన్న మనవి. ఈయన షాపు గేటుకు ఎదురుగానే ఉంది. గుడ్డముక్కా సూదీ దారం తెప్పించండి. కాజా కుట్టడం వచ్చో రాదో ఇక్కడే తేలిపోతుంది."

"ఇది కోర్టనుకున్నారా, కుట్టు షాపనుకున్నారా?" అన్నారు జడ్జిగారు. అయినా ఒక నిమిషం ఆలోచించి, బంట్రోతును పంపించారు.

నల్లగుడ్డ మడత, సూది, దారం, చిన్న కత్తెర వచ్చాయి. బోనులోనే స్టూలు వేశారు. మాస్టారు గుడ్డలో చిన్న గాటు పెట్టి, దారం నోటితో తడిపి సూదికి ఎక్కించబోయాడు. మొదటిసారి ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు. మూడోసారికి ఎక్కింది. కుర్రతనంలో ఒక పెద్ద దర్జీ దగ్గర కూర్చుని ఇదే పని చేస్తూ తిట్లు తిన్న రోజులు గుర్తొచ్చాయి. నీది కత్తెర చెయ్యిరా, సూది చెయ్యి కాదు అనేవాడు ఆయన. ఆ మాట పెళ్ళాంతో కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

కుట్టాడు. మెడమీద చెమట కాలరులోకి దిగుతున్నా తుడుచుకోలేదు. బాగానే వస్తోంది అనుకున్నాడు. కొసకు వచ్చి కుట్టు మలుపు తిప్పేసరికి గుడ్డ ముడుచుకుపోయింది. రెండు పోగులు పైకి లేచాయి. వేలితో నొక్కి కూర్చోబెట్టబోయాడు. కూర్చోలేదు.

గుడ్డ జడ్జిగారి బల్లమీదికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి, కంపెనీ వకీలుకు పంపించారు.

"కావాలని చెడగొట్టాడండీ" అన్నాడు వకీలు, చూసీ చూడకముందే. "బాగా కుడితే కేసు పోతుంది. ఆమాత్రం తెలివి లేని మనిషి కాదు."

అది నిజం కాదని మాస్టారు ఒక్కడే చెప్పగలడు. అతని మాటకు అక్కడ విలువ లేదు. ఆ విలువ తానే పోగొట్టుకున్నాడు.

జడ్జిగారు పెన్ను కింద పెట్టారు. తరవాత బెంచీవైపు చూశారు.

"అమ్మా, మీరు లేవండి. ఇది చూసి చెప్పండి. మీ ఆయన కావాలని చెడగొట్టారా?"

బంట్రోతు గుడ్డ తెచ్చి ఇచ్చాడు. ఆమె ఎడమచేత్తో తీసుకుని బొటనవేలితో అంచంతా తడిమింది. కొస దగ్గర వేలు ఆగింది. మాస్టారు ఆ వేలినే చూస్తున్నాడు. కాదంటే హాలందరిముందు తన చేతగానితనం ఖాయమవుతుంది. అవునంటే ఆమె కేసే పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే. ఇంతమందిలో ఆమెను ఆ గట్టున నిలబెట్టింది తానే.

"చెడగొట్టలేదండీ" అంది ఆమె. "ఆయన కుట్టే తీరే ఇది. మలుపు దగ్గర దారం బిగించేస్తారు. మొదట్నుంచీ అంతే. చెబితే నొచ్చుకుంటారని నేనే చెప్పడం మానేశాను."

గోడవార నవ్వు లేచింది. జడ్జిగారు తలెత్తగానే అణిగిపోయింది. మాస్టారి చెవులు కాలిపోతున్నాయి. నవ్వినవాళ్ళమీద కోపం రాలేదు. ఆమె గొంతులో వెటకారం వెతికాడు. దొరకలేదు. అందుకే ఇంకా భరించలేకపోయాడు.

"సరే" అన్నారు జడ్జిగారు, రాసుకుంటూ. "పని ఈవిడదేనని నేను నమ్ముతున్నాను. ఈవిడ ముందు చెప్పింది నిజమని రాస్తున్నాను."

చిట్టి తల్లి భుజంమీద చెయ్యి వేసింది. వకీలమ్మ మొదటిసారి కుర్చీకి ఆనుకుని కూర్చుంది. మాస్టారికి బోనులోంచి దిగిపోవచ్చేమో అనిపించింది. ఒక కాలు మెట్టుమీద పెట్టాడు కూడా.

"ఆగండి" అన్నారు జడ్జిగారు. "అసలు సంగతి ఇంకా ఉంది. ఆ పని పోవడంవల్ల ఈవిడకు ఎంత ఆదాయం పోయిందో నేను తేల్చాలి. చెప్పండి మాస్టారూ. ఆ పనికి నెలకు ఆవిడకు ఎంత ఇచ్చేవారు?"

మాస్టారు కాలు వెనక్కి తీసుకున్నాడు.

ఇస్త్రీ చేసేవాడికి ఇచ్చాడు. గుండీలు తెచ్చేవాడికి ఇచ్చాడు. షాపు ఊడ్చే మనిషికి కూడా నెల తిరగ్గానే చేతిలో పెట్టాడు. ఆమె ఒక్కసారే ఏదో అడిగింది. కళ్ళు లాగుతున్నాయి, బల్లమీద పెట్టుకునే మంచి లైటు ఒకటి కొనిపెట్టమంది. షాపు అద్దె కట్టాక చూద్దాంలే అన్నాడు. ఆమె కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకుంది. లైటు సంగతి ఇద్దరూ మరిచిపోయారనే అనుకున్నాడు.

"ఏం మాస్టారూ?"

వకీలమ్మ కళ్ళతోనే ఏదో చెబుతోంది. ఏదో ఒక అంకె చెప్పు అన్నట్టుంది. ఒక చిన్న అంకె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆమెకు మేలే జరుగుతుంది. కానీ మళ్ళీ అబద్ధమే అవుతుంది.

"ఏమీ ఇవ్వలేదండీ" అన్నాడు.

"పండక్కో పబ్బానికో?"

"లేదండీ. ఇవ్వాలని కూడా అనుకోలేదు. మా ఇంటి మనిషే కదా అని."

కంపెనీ వకీలు తొందరేమీ లేకుండా లేచాడు. కోటు అంచులు సర్దుకున్నాడు.

"ఈసారి సాక్షి నిజమే చెప్పాడని నేనూ ఒప్పుకుంటానండీ. పైసా రాబడి లేనిచోట రాబడి నష్టం అనేదానికి తావే లేదు. నాకింక అడగాల్సిందేమీ లేదు."

వకీలమ్మ దిగ్గున లేచింది. జీతం ఇవ్వనంతమాత్రాన పనికి విలువ లేకుండా పోతుందా అని ఆమె, విలువ వేరు రాబడి వేరు అని ఆయన. మాటకు మాట పెరిగింది. మధ్యలో బోనులో మాస్టారు. అబద్ధంతో ఒకసారి ఆమె చెయ్యి నరికాను, ఇవాళ నిజంతో రెండోసారి నరికాను అనుకున్నాడు. తలెత్తి బెంచీవైపు చూసే ధైర్యం లేదు.

"ఇద్దరూ కూర్చోండి" అన్నారు జడ్జిగారు. హాలు సద్దుమణిగేదాకా ఆగి, గొంతు తగ్గించి ఆమెతో అన్నారు. "ఈ పనికి ఎవరూ ఇంతవరకు విలువ కట్టలేదమ్మా. చట్టం ఏం చెబుతుందో నేను చూసుకుంటాను. ముందు మీ నోటితో వినాలని ఉంది. ఇన్నేళ్ళ పనికి మీకు ఎంత రావాలి? అడగండి."

ఆమె ఇంకా నిలబడే ఉంది. జడ్జిగారి వంక చూసింది. కంపెనీ వకీలు వంక చూసింది. ఆ తరవాత మెల్లగా తల తిప్పి, ఇన్ని రోజులకు మొదటిసారి, భర్త మొహంలోకి సూటిగా చూసింది.

"ఎవర్ని అడగమంటారండీ?" అంది. "ఆ కంపెనీనా, ఈయననా?"